మాట అందించే బావ

మా బావ ఏం పని చేస్తాడని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, ఆయన గొంతు సవరించుకునే లోపలే మా అక్క జవాబు చెప్పేసేది. "ఈయన మాటలు అందరి నోటా వినబడతాయండీ, ఈయన నోట తప్ప." కొత్తవాళ్ళు అర్థంకాక మొహమాటానికి నవ్వేవాళ్ళు. బావ మాత్రం మనసారా నవ్వేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే జోకు, అదే నవ్వు.

ఆయన నాటకాల కంపెనీలో ప్రాంప్టరు. సొంత హాలు ఉండి, ఏడాది పొడుగునా ఆటలు వేసే కంపెనీ. స్టేజీకి ఎడమపక్క తెర మడతలో ఒక ముక్కాలి పీట, దాని మీద బావ, ఒళ్ళో నాటకం ప్రతి, ప్రతి మీదికి వంగి అట్టముక్క కప్పిన చిన్న బల్బు. నటుడికి మాట తట్టకపోతే, ఆ మాటలో మొదటి రెండక్షరాలు అతని చెవికి మాత్రమే చేరేటట్టు అందించాలి. ముందు వరసలో కూర్చున్నవాడికి వినబడిందంటే ఆ రోజుకి బావ అన్నం సరిగ్గా తినడు.

ఇందులో కష్టమేముంది, చూసి చదవడమేగా అని నేనొకసారి ఆటపట్టించాను. నా మీద జాలిపడ్డట్టు చూశాడు.

"చదవడం ఎవడైనా చదువుతాడు మరదలా. ఎప్పుడు చదవకూడదో తెలియాలి. ఆగడం వేరు, మరిచిపోవడం వేరు. కావాలని ఆగినవాడికి మాట అందిస్తే వాడు జన్మలో క్షమించడు."

"ఎలా తెలుస్తుంది మరి?"

"ఆగినవాడి భుజాలు దిగి ఉంటాయి. మరిచిపోయినవాడి మడమలు లేస్తాయి."

ఆ తరవాత నేనెప్పుడు నాటకానికి వెళ్ళినా కథ వదిలేసి మడమలు చూస్తూ కూర్చునేదాన్ని. ఆయన చెప్పింది నిజమే. ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. మాట అందించే ముందు బావ చిన్నగా ఊపిరి లోపలికి పీలుస్తాడు. పాత నటులకి ఆ ఊపిరి చాలు, మాట దానంతటదే నోట్లోకి వచ్చేస్తుంది.

చిక్కంతా హాలు బయట. ఎవరైనా మాట కోసం తడుముకుంటే ఆయన ఊరుకోలేడు. ఎవరైనా పోయిన ఇంటికి పరామర్శకి వెళ్ళినవాళ్ళు "అమ్మగారు ఎంతో..." అని నీళ్ళు నమిలితే, వెనకనించి బావ "ఓపికమంతులు" అని అందించేవాడు. వాళ్ళు కృతజ్ఞతగా అదే అనేవాళ్ళు. అంతవరకూ బాగానే ఉంది. ఒకసారి వాళ్ళ అపార్ట్‌మెంటు మీటింగులో అధ్యక్షుడుగారు కొత్త లిఫ్టు గురించి మాట్లాడుతూ, "ఈ లిఫ్టు విషయంలో నేను ఎంతగానో..." అని చప్పట్ల కోసం ఆగారు. బావ అలవాటుగా ఊపిరి పీల్చి "సిగ్గుపడుతున్నాను" అని అందించాడు. అధ్యక్షుడుగారు అదే అనేశారు. ఆ తరవాత చాలాకాలం అక్కా బావా మెట్ల మీదే దిగి మెట్ల మీదే ఎక్కారు. ఆయనతో లిఫ్టులో కలవడానికి మొహం చెల్లలేదు.

మా అక్కకి మాత్రం ఏనాడూ మాట అందించాల్సిన పని పడలేదు. అదే కంపెనీలో దుస్తుల గది ఆవిడది. పెదాల మధ్య గుండుసూదులు బిగించుకుని, రాజునైనా మంత్రినైనా చేతులెత్తించి, నడుం కొలత తీస్తూ, సూదుల సందునించే చీవాట్లు పెట్టేది. బావ ఊపిరి పీల్చేసరికి అక్క మూడు సంగతులు దాటి నాలుగో దాంట్లో ఉండేది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ఒక నటుడి భుజం కొలుస్తూ "చెయ్యి" అని ఆగింది. అతను ఏ చెయ్యి అన్నాడు. "చెయ్యి... మరి... మరి..." అంది. వేళాకోళం చేస్తోందనుకుని అతను నవ్వాడట. ఎవరో వెళ్ళి బావని పిలుచుకొచ్చారు. బావ గుమ్మంలో నిలబడి అక్క పాదాల వైపు చూశాడు. ఆ సంగతి తరవాత నాకు ఆయనే చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దన్నట్టు గొంతు తగ్గించి. అక్క మడమలు లేచి ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక "ఎత్తు" అని మాట అందించాడు. ఆయన జీవితంలో అక్కకి అందించిన మొదటి మాట అది. అక్క ఆయన వైపు చూసి, కొలత టేపు పట్టుకునే కిందికి కూలబడింది.

ఆసుపత్రికి తీసుకెళితే మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి సగం పడిపోయింది. మాటలన్నీ పోయి ఒక్క "మరి" మిగిలింది. ఆకలేసినా మరి, కోపమొచ్చినా మరి, నన్ను చూసినా మరి. ఎదుటివాళ్ళు చెప్పేది ఎంతవరకు చేరుతోందో తెలియదు. ఒక్కోసారి తలూపేది, ఒక్కోసారి మనం వేరే భాషలో మాట్లాడుతున్నట్టు నోటివైపు చూస్తూ ఉండిపోయేది.

బావ కంపెనీకి సెలవు పెట్టి మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు. ఇంక చూడాలి. అక్క "మరి" అనడమే తరువాయి, బావ అందుకునేవాడు. "నీళ్ళా? ఇదిగో. దిండా? ఎత్తుతాను. కిటికీ వెయ్యాలా?" కిటికీ మూసేసేవాడు. అక్క తలకాయ దిండుకేసి కొట్టుకుంటే, "చూశావా, ఆవిడకి వెలుతురు పడట్లేదు పాపం" అనేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి అక్క తరఫున కుశలప్రశ్నలు కూడా ఆయనే వేసేవాడు. "మీరు చిక్కిపోయారట, ఆవిడ అంటోంది." మంచం మీద ఆవిడేమో గుడ్లురిమి చూస్తూ ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "బావా, అక్క ఆ మాట అన్లేదు."

"అంటుంది. నాకు తెలుసు."

"మీకు తెలిసేది కాగితమ్మీద రాసుంటేనే బావా. అక్క ప్రతి మీ దగ్గర లేదు."

ఆయన మొహం వాడిపోయింది. అనకుండా ఉండాల్సిందేమో. కానీ ఆ రోజు కిటికీ నేను తెరిచాను, అక్క మూయమనలేదు.

ఆ ఆసుపత్రిలో మాట పోయినవాళ్ళకి రెండు దారులు. మొదటి అంతస్తులో ఎండ పడే గది ఒకటి ఉంది. అక్కడ రోజూ పాఠం చెప్పినట్టు మాటలు మళ్ళీ నేర్పుతారు. పడకలు కొద్ది. రెండోది వెనక బ్లాకులో పొడుగు వార్డు. అక్కడ శుభ్రంగా కడుగుతారు, తినిపిస్తారు, పక్కలు మారుస్తారు, మాటలు మాత్రం ఎవరూ నేర్పరు. లోపల గ్రహింపు ఉందని తేలినవాళ్ళు ఎండ గదికి, తేలనివాళ్ళు పొడుగు వార్డుకి. తేల్చడానికి పరీక్ష పెడతారు. నేను ఆ పొడుగు వార్డు ఒకసారి చూసొచ్చాను. అంతమంది మనుషులున్న గదిలో అంత నిశ్శబ్దం నేనెక్కడా వినలేదు. బావ కూడా చూశాడు. వచ్చాక చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

పరీక్ష పెట్టేది ఒక్కరు కాదు, ఒక బృందం. మాటకీ ఆలోచనకీ ఉన్న సంబంధం మీద వాళ్ళందరూ కలిసి పరిశోధన చేస్తున్నారట. వాళ్ళలో ఒకరికి మెదడు తెలుసు, ఒకరికి భాష తెలుసు, ఒకరికి మనసు తెలుసు, ఒకరికి కంప్యూటరు తెలుసు. మా అక్క మాత్రం ఎవరికీ తెలియదు. మాతో మాట్లాడింది ఇద్దరే. ఒకాయన డాక్టరు, ఎప్పుడూ ఒక కాలు గుమ్మం వైపే ఉండేది. రెండో ఆవిడ పరిశోధకురాలు, నా వయసుదే, నాలాగే కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని దానికోసం వెతుక్కునే రకం. అందుకే నాకు నచ్చింది.

మొదటి పరీక్షకి బావ తానూ గదిలో ఉంటానని బతిమాలాడు. నోరు మెదపనని ఒట్టు వేశాడు. మూలన కుర్చీలో పెదాలు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫొటో దిగుతున్నవాడిలా కూర్చున్నాడు. పరిశోధకురాలు బల్ల మీద బొమ్మలు పరిచి, ఒక మాట చెప్పి, వాటి మీదుగా నెమ్మదిగా చెయ్యి జరుపుకుంటూ వెళుతుంది. సరైన బొమ్మ రాగానే అక్క బల్ల మీద తట్టాలి. తాళంచెవి, తట్టింది. చెప్పు, తట్టింది. చివరికి "కుక్కని తరుముతున్న పిల్లి" కూడా తట్టింది. ఒక్కటీ తప్పలేదు. బావ బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "చెప్పలా? నేను చెప్పలా?" అంటూ ఆ వసారాలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాడు.

మర్నాడు పరిశోధకురాలు మమ్మల్ని పిలిచి వీడియో చూపించింది. ముందు అక్కని చూపించింది. తరవాత "ఇప్పుడు మూలకి చూడండి" అంది. మూలన బావ. పెదాలు కుట్టేసినట్టే ఉన్నాయి. కానీ ఆవిడ చెయ్యి సరైన బొమ్మ మీదికి వచ్చిన ప్రతిసారీ బావ ఛాతీ చిన్నగా లేస్తోంది. తాళంచెవి, లేచింది. చెప్పు, లేచింది. పిల్లి దగ్గరైతే ఏకంగా భుజాలే లేచాయి. అక్క కళ్ళు బొమ్మల మీద లేవు, బావ మీద ఉన్నాయి.

"నేను నోరు తెరవలేదండీ" అన్నాడు బావ.

"తెలుసండీ. మీరు మోసం చేశారని ఎవరూ అనట్లేదు. ఊపిరి మీ చేతిలో లేదు."

ఆయనకి తల తీసేసినట్టయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ముందు వరసకి వినబడకుండా నెట్టుకొచ్చిన మనిషి, ఒక్క వీడియోకి దొరికిపోయాడు.

రెండో పరీక్షకి బావని వసారాలో కూర్చోబెట్టారు. నన్ను ఉండనిచ్చారు, నాకు ఊపిరి పీల్చే అలవాటు లేదని కాబోలు. తాళంచెవి అంటే అక్క గిన్నె దగ్గర తట్టింది. చెప్పు అంటే మూలనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది. పిల్లి దగ్గరికొచ్చేసరికి బొమ్మలన్నీ ఎడమచేత్తో బల్ల మీదనించి తోసేసి, తలుపు వైపు తిరిగి "మరి... మరి..." అంది. కింద పడ్డ బొమ్మలు ఏరుతూ నేను తలెత్తలేదు. తలెత్తితే అక్క నా మొహం చూస్తుంది.

డాక్టరు మెత్తగానే చెప్పాడు. మాటలు ఆవిడకి దాదాపుగా చేరడం లేదు. మీరు చూసిందంతా భర్తగారి సాయమే. వచ్చే వారం పొడుగు వార్డుకి మారుద్దాం, మీకూ కాస్త విశ్రాంతి.

బావ లేచాడు. వసారా చివర మంచినీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళి, గ్లాసు నింపుకుని, తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కకి వెళ్ళాను.

"ఇన్నాళ్ళూ ఆవిడ నాతో మాట్లాడుతోందనుకున్నాను" అన్నాడు. "నాతో నేనే మాట్లాడుకున్నానా?"

"అలా ఎందుకనుకుంటారు బావా."

"నాకేదైనా ఆలోచన వచ్చిందంటే అది మాటల్లోనే వస్తుంది. మాట తీసేస్తే లోపల ఏముంటుందో నేను ఊహించలేను. ఆట అయిపోయి, లైట్లార్పేసి, తాళం వేసిన హాలు. అంతేనా? లోపల మీ అక్క ఉందా, లేదా? నువ్వు చెప్పు, నీ తోడబుట్టిందేగా."

చెబుదామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆయనా అందించలేదు. అందించడానికి ఆయన దగ్గర కూడా లేదు.

వెనకనించి ఎవరో దగ్గారు. పరిశోధకురాలు. ఎంతసేపట్నించి వింటోందో. "మీరు అడిగిందే మేమూ అడుగుతున్నామండీ" అంది. "మా అందరికీ జీతాలిచ్చేది ఆ ఒక్క ప్రశ్నకే. నిజం చెప్పాలంటే పూర్తిగా తెలియదు." మాట పోయినవాళ్ళు కొందరు చదరంగం ఆడతారని, దారి తప్పకుండా ఇంటికెళతారని, ఎదుటివాడి మనసులో ఏముందో కనిపెడతారని చెప్పింది. కొందరు ఏదీ చెయ్యలేరట. మేము పెట్టిన పరీక్ష మాటకి పెట్టింది, ఆలోచనకి కాదు, డాక్టరుగారిని ఒప్పిస్తే రేపొకటి పెడతాను అంది. అందులో ఒక్క మాట కూడా ఉండదట. "ఈసారి మీరు గదిలో ఉండాలి" అంది బావతో.

"మళ్ళీ పాడు చేస్తాను" అన్నాడు బావ.

"చెయ్యండి. కావలసిందదే" అంది. కళ్ళజోడు కోసం అటూ ఇటూ చూసింది. నెత్తిన ఉందని నేను సైగ చేశాను.

మర్నాడు బల్ల మీద రెండు డబ్బాలు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. ఇంటినించి అక్కకి బాగా తెలిసిన చిన్న వస్తువు తెమ్మంటే, బావ కుట్టేటప్పుడు అక్క వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు తెచ్చాడు. దాన్ని చూడగానే అక్క కళ్ళు మెరిశాయి. వేలికి పెట్టుకోబోయి, ఆ వేలు లేవక ఊరుకుంది. పరిశోధకురాలు సైగ చేస్తే, బావ తొడుగుని తన చేత్తోనే ఎర్ర డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఆ తరవాత ఆయనకి జగ్గు ఇచ్చి నీళ్ళు తెమ్మని పంపింది. ఎందుకు పంపుతున్నారో ఆయనకి చెప్పలేదు.

తలుపు మూసుకోగానే, అక్క చూస్తుండగా, ఆవిడ తొడుగుని ఎర్ర డబ్బాలోంచి తీసి నీలం డబ్బాలో వేసింది.

డాక్టరు గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఒక కాలు ఎప్పట్లాగే గుమ్మం వైపు. బావ నీళ్ళతో వచ్చి మూల కుర్చీలో కాకుండా అక్క పక్కన కూర్చున్నాడు. కూర్చోమన్నదే అక్కడ. పరిశోధకురాలు కనుబొమలెగరేసి, ఏదీ అన్నట్టు మొహం పెట్టి, డబ్బాల మీదుగా చెయ్యి జరపడం మొదలుపెట్టింది. నీలం దాటింది. ఎర్ర డబ్బా మీదికి వచ్చింది.

బావ ఊపిరి పీల్చాడు. ఈసారి నాకు కూడా వినబడింది.

అక్క ఎడమచెయ్యి లేచింది. బావ వైపు చూసింది, ఆ చెయ్యి ఎర్ర డబ్బా వైపే వెళ్ళింది. ఇంక అయిపోయింది, ఊపిరి వెంట పోతోంది, పొడుగు వార్డే అనుకున్నాను. చెయ్యి ఎర్ర డబ్బా పైదాకా వెళ్ళి ఆగింది. తట్టలేదు. వెనక్కి తిరిగి, బల్ల అంచు దాటి, బావ మొహం దగ్గరికి వచ్చి, ఆయన నోరూ ముక్కూ కలిపి అరచేత్తో మూసేసింది. మూసి పట్టుకుని, డాక్టరు వైపు తిరిగి, గడ్డంతో నీలం డబ్బా చూపించింది.

"మరి" అంది.

సూదుల సందునించి మాట్లాడే గొంతు అది. ఈయన సంగతి మీకు తెలియదండీ, నేనెరుగుదును అనే గొంతు. నేనిలా ఆవిడ నోట్లో మాటలు పెట్టకూడదని తెలుసు. కానీ ఆ గొంతుతో చిన్నప్పట్నించీ చీవాట్లు తిన్నదాన్ని, ఆ మాత్రం పోల్చుకోగలను.

బావకి ఏమీ అర్థంకాలేదు. అరచేతి కింద ఉక్కిరిబిక్కిరవుతూ ఎర్ర డబ్బా వైపే చూస్తున్నాడు, పాపం ఇంకా అదే సరైనదనుకుని. ఒక సీన్లో తనకి తెలియని సంగతి ఉండడం, అది అవతలివాళ్ళకి తెలిసి ఉండడం, ఆయనకదే మొదటిసారి.

"ఇంకోసారి చెయ్యండి" అన్నాడు డాక్టరు.

మళ్ళీ చేశారు. ఈసారి బావ నీళ్ళకి వెళ్ళినప్పుడు తొడుగుని కదపలేదు. బావ తిరిగొచ్చి ఊపిరి పీలిస్తే అక్క ఆయన నోరు ముయ్యలేదు, ఆయన వేసిన డబ్బా మీదే నింపాదిగా తట్టింది. ఇంకోసారి మార్చారు. బావ ఊపిరి పీల్చకముందే అరచెయ్యి సిద్ధంగా ఉంది. ఎన్ని రకాలుగా చేసినా అంతే. ఆయనకి తెలిసినప్పుడు ఊపిరి పీల్చనిచ్చింది, తెలియనప్పుడు నోరు మూసింది. చివరికి ఆయన మొహం కందగడ్డలా అయింది. జగ్గులు జగ్గులుగా వచ్చిన నీళ్ళు ఎవరూ తాగలేదు.

డాక్టరు గుమ్మం వైపున్న కాలు లోపలికి తీసుకున్నాడు. "మాట సంగతి నేను చెప్పలేను" అన్నాడు. "మనిషి మాత్రం ఉన్నారు." తరవాత బావ వైపు తిరిగి, ఎండ గదిలో పాఠం జరిగేటప్పుడు మీరు మాత్రం బయటుండాలి అన్నాడు. ఇంటికెళ్ళాక కూడా ఆవిడ మాట ఆవిడనే వెతుక్కోనివ్వాలి. అందించకూడదు. ఎంతసేపైనా సరే.

నోరు మూస్తే కాని ఊపిరాడని పరిస్థితి మా బావది అని నేను నవ్వబోయాను. ఆయన జగ్గు గుండెలకి హత్తుకుని ఏడుస్తున్నాడు. నవ్వు మింగేశాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. అక్క ఎండ గదికి వెళ్ళింది. బావ బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలినించి "మరి... మరి..." అని వినబడినప్పుడల్లా ఆయన ఛాతీ లేచేది, తలుపుకి ఇవతల ఉన్నా సరే. చివరికి అక్క గుండీల డబ్బాలోంచి కోటు గుండీ ఒకటి తెచ్చుకుని పెదాల మధ్య పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గుండీ ఉంటే మాట రాదు. దారినపోయేవాళ్ళు అదేదో మాత్రనుకుని, నమలకూడదా, చప్పరించాలా అని అడిగేవాళ్ళు.

ఈలోగా సెలవు అయిపోయి బావ హాలుకి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళిన మొదటి ఆదివారమే ఒక నటుడు సగం మాటలో ఆగిపోయాడు. బావ అందించలేదు. ఆగాడేమో, వెతుక్కుంటున్నాడేమో, వెతుక్కోనిద్దాం అనుకుంటూ కూర్చున్నాడు. ముందు వరసలు దగ్గడం మొదలుపెట్టాయి. వెనకనించి ఎవరో ఈల వేశారు. ఆ నటుడి మడమలు నాకు నా సీట్లోంచి కనబడుతున్నాయి, పూర్తిగా లేచి ఉన్నాయి. తెర దించేశారు. కంపెనీవాళ్ళు బావని ఒక్క మాట అనలేదు. మరుసటి నెలలో నటుల చెవుల్లో మాట అందించే చిన్న యంత్రాలు వచ్చాయి. ముక్కాలి పీట దుస్తుల గదిలోకి చేరింది, బావ ఇంటికి చేరాడు. "నాకిప్పుడు తెలియట్లేదు మరదలా" అన్నాడు ఒకసారి. "ఎవరు ఆగారో, ఎవరు మరిచిపోయారో. అందరూ ఆవిడలాగే కనిపిస్తున్నారు."

అక్క పాఠాలు కూడా ముగిశాయి. వచ్చిన మాటలు నీళ్ళు, వద్దు, రా, ఇంకొన్ని. అవి కూడా రావలసిన చోట రావు. నీళ్ళు కావలసినప్పుడు చెప్పులు అంటుంది, నన్ను చూసి బల్ల అంటుంది. ఇంతకంటే రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పి, పడక ఖాళీ చేయించి పంపేశారు. ఇంట్లో రోజంతా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. అక్క ఒక మాట కోసం తవ్వుకుంటూ ఉంటుంది. బావ గుండీ బిగించి పట్టుకుని, ఊపిరి కూడా బయటపెట్టకుండా చూస్తూ ఉంటాడు. ఒక్కోసారి మాట రాకుండానే పొద్దు గడిచిపోతుంది. అక్క విసిగి కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు బావ వంటింట్లోకి వెళ్ళి గుండీ తీసి, ఆ మాట గిన్నెలకి చెప్పేసి వస్తాడు. నేను విన్నాను.

మొన్న వెళ్ళినప్పుడు, అక్క కుర్చీ పక్కన విప్పి పెట్టిన నా కోటు చేతి మడత చిరిగి వేలాడుతోంది. అక్క చూసింది. ఎడమచేత్తో ఆ చెయ్యి పట్టుకుని లాగింది, చిరుగు మీద వేలు పెట్టింది. వేలాడే పోగులు ముందు కత్తిరించాలి, ఆ మాత్రం నాకూ తెలుసు. కత్తెర ఎక్కడుందో కూడా తెలుసు. బీరువా మీద, కుట్టుసామాను రేకుపెట్టెలో.

"మరి..." అంది అక్క. ఆగింది. పెదాలు కదిలాయి. మళ్ళీ "మరి..."

బావ బుగ్గలు బిగుసుకున్నాయి. ఆయన నోట్లో గుండీ, గుండీ వెనక కత్తెర. నా నోట్లోనూ కత్తెరే. గడియారం ఎంత తిరిగిందో నేను చూడలేదు.

"గొడుగు" అంది అక్క.

బయట ఎండ ఫెళ్ళుమని కాస్తోంది. నేను బావ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. లేచి వెళ్ళి, తలుపు వెనక తగిలించిన గొడుగు తెచ్చి అక్క చేతికిచ్చాడు. అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఇది కాదని విసిరేస్తుందని నేను వెనక్కి జరిగాను. అక్క కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, గొడుగు వంకీని పైకెత్తి, బీరువా మీదున్న రేకుపెట్టె పిడికి తగిలించి లాగింది.

పెట్టె దబ్బుమని పడింది. గుండీలు గదినిండా దొర్లాయి. వాటి మధ్యలో కత్తెర.

బావ మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందనించి గుండీలు ఏరుతున్నాడు. నేనూ పక్కన చేరి గుసగుసగా అడిగాను. కత్తెర అనబోయి గొడుగు అందా, నిజంగా గొడుగే కావాలనుకుందా?

ఆయన నోట్లోంచి గుండీ తీశాడు. "తెలీదు" అన్నాడు. "నేనైతే కత్తెర అని అందించేసేవాణ్ణి."

అక్క అప్పటికే మళ్ళీ కుర్చీలో కూర్చుని, నా కోటు చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, ఎడమచేత్తో వంకరటింకరగా పోగులు కత్తిరిస్తోంది. కత్తిరించి ఆగింది. చుట్టూ చూసింది. పెదాలు కదిలాయి. దారం కావాలి, ఇంకేం కావాలి. దారం నా కాలి పక్కనే పడి ఉంది. నేను నోరు తెరిచాను.

బావ మంచం కిందనించే చెయ్యి చాపి నాకొక గుండీ ఇచ్చాడు.